ఊఁ అంటే వింటున్నానని

1. నీళ్ళు మామూలుగానే ఉన్నాయి

ఇక్కడ రాతకి విలువ లేదు. తేలూరులో గొంతే సంతకం. ఇల్లు అద్దెకి తీసుకున్నా, పెళ్ళి చేసుకున్నా, తలుపు తెరవాలన్నా గోడకి నోటితో చెప్పాలి. గోడ వింటుంది, గుర్తుపెట్టుకుంటుంది. కాగితం మీది అక్షరం ఎక్కడా చెల్లదు. అందుకే కాగితం మీద రాస్తున్నాను. ఇందులో నేనేం రాసినా దేనికీ ఒప్పుకున్నట్టు కాదు.

పాత ఓడలన్నీ గొలుసులతో కట్టి సముద్రం మీద నిలబెట్టిన ఊరు ఇది. పేరు పెట్టినవాళ్ళు తేలే ఊరనుకున్నారు గానీ, ఒడ్డున మా వాళ్ళు మాత్రం "తేళ్ళ ఊరికెళ్ళి ఏం చేస్తారే" అని నవ్వారు. నా పని మంచినీటి ట్యాంకుల్లో ఉప్పు చూడటం. మా ఆయన నరహరి పని పంపులు. ఆయన అరిస్తే రెండు ఓడల అవతలికి వినపడేది.

పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయాక ఆయనకి మిగిలిన మాట ఒక్కటే. మంగళారం. ఆకలేసినా మంగళారం, వీపు దురద పెట్టినా మంగళారం, నా మీద కోపమొచ్చినా మంగళారమే. మెదడులో మాటలుండే చోటు దెబ్బతిందట. విన్నది చాలావరకు అర్థమవుతుంది, చెప్పబోతే మాత్రం ఈ ఒక్కటే బయటికొస్తుంది. ఎడంచేత్తో రాయమంటే రాసేదీ అదే. ఇన్ని మాటలుండగా మంగళవారమే ఎందుకు మిగిలిందని డాక్టరుగారిని అడిగాను. ఆయనకీ తెలీదు. నరహరి పడిపోయింది శుక్రవారం.

పోనీ తలూపి చెప్పమంటే, మన తలూపుడు మామూలుగానే అవునో కాదో తేలదు. ఇప్పుడు మరీను. చివర సాగదీస్తే ప్రశ్న అనీ, 'మం' దగ్గర ఒత్తితే చిరాకు అనీ నేనే పోల్చుకున్నాను. పోల్చుకున్నాననే అనుకుంటున్నాను.

అలలు ఎక్కువైతే లోపలికి నీళ్ళు రాకుండా తలుపులు వాటంతటవే మూసుకుంటాయి. ఈరోజు అలాగే మూసుకున్నాయి. పని నుంచి వచ్చేసరికి ఆయన స్నానాలగదిలో ఉండిపోయాడు. అవతల నుంచి గొంతు వినపడింది. ఎంతసేపటి నుంచి అంటున్నాడో మరి, తలుపుతో చాలా మర్యాదగా అంటున్నాడు: "మంగళారం. మంగళారం." గోడ అంతకన్నా మర్యాదగా జవాబిస్తోంది: "అర్థం కాలేదు. మళ్ళీ చెప్పండి."

2. నీళ్ళు బాగానే ఉన్నాయి

గొంతు కేంద్రానికి తీసుకెళ్ళాను. జోసెఫిన్ గారని, నాకన్నా చాలా చిన్నావిడ, ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల. నరహరి మాట చెల్లదు కాబట్టి ఆయన తరఫున నా మాటే లెక్క అని ముందే చెప్పింది. చెప్పి, మెడకి కట్టుకునే పట్టీ ఒకటి బల్ల మీద పెట్టింది.

"సార్ నోరు తెరిచి ఏం చెప్పబోయినా గొంతు కండరాల కదలికని ఇది పట్టుకుంటుందండీ. దాన్ని వాక్యంగా చేసి, సార్ పాత గొంతుతోనే పలుకుతుంది."

"ఊఁ."

"కింద ఆయన సొంత శబ్దం కూడా వినపడుతుంటే గోడలకి అయోమయంగా ఉంటుంది. అందుకని దాన్ని బయటికి రాకుండా అణిచేస్తాం."

"ఊఁ."

"కొన్నాళ్ళు చూసి, నరానికి అతికించేస్తాం. ఆ తర్వాత ఇంక తీయడం ఉండదు."

"ఊఁ…"

అణిచేయడమంటే ఏమిటని అడగబోతున్నాను. ఈలోగా గోడ అంది: "మూడు అంశాలకూ సమ్మతి నమోదైంది."

"అయ్యో, నేను వింటున్నానండీ! ఊఁ అంటే వింటున్నానని."

"తెలుసండీ. ఒడ్డు నుంచి వచ్చినవాళ్ళందరికీ ఇదే ఇబ్బంది." జోసెఫిన్ గారు నిజంగానే బాధపడింది. "మేం ఇలా చేస్తాం, చూడండి," అని నిశ్శబ్దంగా తల పంకించి చూపించింది. "తల ఊపితే గోడ పట్టించుకోదు."

"మరి దీన్ని రద్దు చెయ్యండి."

"ఒకసారి నమోదయ్యాక అది మీ చేతుల్లోంచి వెళ్ళిపోయినట్టేనండీ. వద్దంటే సారే వద్దనాలి. నోటితో."

"ఆయన నోటికి పట్టీ కట్టేశాక ఏ నోటితో అంటాడమ్మా?"

"పట్టీలోంచి చెప్పచ్చు కదండీ," అంది ఆ పిల్ల. నన్ను మోసం చెయ్యాలని కాదు. ఆ అమ్మాయికి అందులో తిరకాసేమీ కనపడలేదు, అంతే.

నేను గట్టిగా పోట్లాడలేదు. ఆ తలుపు అవతలి నుంచి వచ్చిన మంగళారం ఇంకా చెవుల్లో ఉంది. తలుపులు తెరుచుకుంటే చాలనుకున్నాను.

3. ఐదో ట్యాంకులో ఉప్పు కొద్దిగా పెరిగింది

"వకుళా, కాసిని మంచినీళ్ళు ఇప్పించగలవా? శ్రమ ఇస్తున్నందుకు క్షమించు."

వెనక్కి తిరిగి చూశాను, ఇంకెవరైనా వచ్చారేమోనని. గొంతు నరహరిదే. ఆ చిన్న జీర కూడా ఆయనదే. కానీ మా పెళ్ళైనప్పటి నుంచీ ఆయన నన్ను పిలిచిన పిలుపు "ఏమోయ్". నీళ్ళు కావాలంటే "ఏమోయ్, నీళ్ళు". నేను తేకపోతే "ఏమోయ్, చచ్చిపోయాక తెస్తావా?"

సాయంత్రం దాకా స్నానాలగది తలుపు తెరిచాడు, మూశాడు, తెరిచాడు. "దయచేసి తలుపు తెరవండి." "ధన్యవాదాలు." నేను వంటింట్లో నిలబడి ఏడ్చాను. సంతోషంతోనే ఏడ్చాను, అది కూడా రాసిపెట్టాలి.

4. ఇంకా పెరిగింది. వడపోత మార్పించాను

సుగుణ వచ్చింది. నరహరి చెల్లెలు, చేపల ఓడలో ఉంటుంది. గుమ్మంలో అడుగు పెట్టగానే పట్టీ పలికింది: "రా సుగుణా. తిన్నావా? పిల్లలు కులాసానా?"

సుగుణ అక్కడే కూలబడిపోయింది. కొంగుతో కళ్ళొత్తుకుంటూ అంది, "నేను పుట్టాక ఇదే మొదటిసారి వదినా, మా అన్నయ్య నన్ను తిన్నావా అని అడగటం."

"నా అనుమానమూ అదే."

"ఏమిటి నీ అనుమానం?"

"అడిగింది మీ అన్నయ్యేనా అని."

"నీకు అన్నిట్లోనూ అనుమానమే! మా అమ్మ బతికున్నప్పుడు ఆవిడ పెట్టిన ఆవకాయలో కూడా అనుమానం. తిడితే మా అన్నయ్య అంటావు, మంచిగా మాట్లాడితే మిషనంటావు. మా వాడికి మంచితనం ఉండకూడదా?"

పక్షవాతం మనుషుల్ని మెత్తబరుస్తుందంటారు. నిజంగానే అడగాలనుకున్నాడేమో, ఇన్నాళ్ళూ నోరు రాలేదేమో. అంతసేపూ సుగుణ మాటలకి నేను ఒక్కసారి కూడా ఊఁ అనలేదు. గోడ ఉందన్న భయం. తల మాత్రం ఆడించాను. వెళ్తూ వెళ్తూ అంది: "ఏమిటోలే, నువ్వు వింటున్నావో లేదో కూడా తెలీడం లేదు. గోడకి చెప్పుకున్నట్టుంది."

ఇక్కడ ఆ మాటకి అర్థమే వేరు. ఇద్దరం నవ్వేశాం, కానీ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

5. మామూలు

యూనివర్సిటీలో నేను చదివింది గణాంకశాస్త్రం. పట్టీ చేసే పని నాకు తెలియనిది కాదు. ఈ కదలిక తర్వాత ఏ మాట రావడానికి ఎక్కువ అవకాశం ఉందో చూసి, ఆ మాట పలుకుతుంది. మంగళారం అని పలికే కండరాల కదలిక ఎప్పుడూ ఒకటే కాబట్టి, మిగతాదంతా ఊహ. ఎదురుగా ఎవరున్నారు, టైమెంత, గిన్నెలో ఏముంది అన్నదాన్ని బట్టి ఊహ.

మరి నరహరి ఎలా మాట్లాడతాడో దానికి ఎలా తెలుసు? జోసెఫిన్ గారిని అడిగాను. "సార్ పాత మాటలన్నీ గోడల్లో ఉన్నాయి కదండీ. ఇంట్లోవాళ్ళతో మాట్లాడుకున్నవి తీసుకోకూడదు, అది మీ సొంతం. గోడలతో అన్నవే తీసుకుంటాం."

ఇంటికొచ్చి కూర్చున్నాక గానీ అర్థం కాలేదు. నా మొగుడు గోడలతో మాట్లాడిన తీరులో నాతో మాట్లాడుతున్నాడు.

6. ట్యాంకులు సరే, వంటలో తప్పు నాది

పప్పులో ఉప్పు రెండుసార్లు వేసినట్టున్నాను. ఊరి నీళ్ళలో ఉప్పు కొలిచేదాన్ని. నరహరి ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, ఎడంచేత్తో కంచం అవతలికి నెట్టాడు. మొహం ఎర్రబడింది. మెడ దగ్గర చిన్న దీపం వెలిగింది. పట్టీ అంది: "వంట చాలా రుచిగా ఉంది వకుళా."

ఆయన నన్ను చూశాడు. నోరు మళ్ళీ తెరిచాడు. "కడుపు నిండిపోయింది. నువ్వు కూడా తిను."

మళ్ళీ తెరిచాడు. "నీకు శ్రమ ఎక్కువైంది."

అప్పుడు పట్టీని పట్టుకుని లాగాడు. అది ఊడదు. దాని కొక్కెం కేంద్రంలోనే తియ్యాలి. మెడ మీద గోళ్ళ గీతలు పడేదాకా లాగాడు. నేను చెయ్యి పట్టుకుని ఆపాను. వెనకటి మంగళారమైతే అందులో తిట్టెంత, బతిమాలుకోవడమెంత అని కాస్తయినా పోల్చుకునేదాన్ని. ఇప్పుడు ఆ శబ్దమే లేదు. ఆయన అరుస్తున్నాడని మెడనరాలు చూస్తే తెలుస్తోంది, చెవికి మాత్రం ఆదరంగా మాట్లాడుతున్నాడు.

గోడ ద్వారా జోసెఫిన్ గారిని పిలిచాను. ఆవిడ ఆయన్నే అడిగింది, "సార్, పట్టీతో ఏమైనా ఇబ్బందిగా ఉందా?"

"ఏ ఇబ్బందీ లేదు. మీ సహాయానికి ధన్యవాదాలు."

"సంతోషంగానే ఉన్నారు కదండీ," అంది నాతో. అతికించడం వచ్చేవారమే అని గుర్తుచేసింది.

7. నీళ్ళ సంగతి ఈరోజు చూడలేదు, సెలవు

వెనక, రోజూ పంపుల కబుర్లు చెప్పేవాడు. ఎవడు ఏ బోల్టు వంకరగా బిగించాడు, ఎవడి మీద ఎలా అరిచాడు. నేను కూర తరుగుతూ వినేదాన్ని. ఊఁ అనకపోతే ఆపేసేవాడు. "ఏమోయ్, ఊఁ కొట్టు. ఊఁ లేకపోతే కథ ముందుకి పోదు."

ఈరోజు బట్టలు మడతపెడుతూ నేనే ఏదో చెప్పుకుంటున్నాను. ఆయనకే చెబుతున్నాననీ కాదు. నాలుగో ట్యాంకు గొట్టంలో చేప దూరిందనీ, దాన్ని తియ్యడానికి దిగిన అప్పలస్వామి కూడా ఇరుక్కున్నాడనీ, నూనె పోసి లాగారనీ…

"ఊఁ."

చేతిలో చీర జారిపోయింది. ఆయన నోరు మూసుకునే ఉంది. మెడ దగ్గర దీపం వెలగలేదు. అది పట్టీ గొంతు కాదు. ముక్కుతో, కొంచెం విసుగ్గా, 'తర్వాత ఏమైందో చెప్పు' అన్నట్టు వచ్చే ఆ ఊఁ నాకు తెలుసు. గోడ ఏదో నమోదైందంది, పట్టించుకోలేదు.

"ముందు ఎవరిని లాగారో చెప్పనా?"

"ఊఁ."

"చేపని."

ఆయన భుజాలు కదిలాయి. నవ్వుతున్నాడు.

ఆత్రం ఆగక అడిగేశాను, "నరహరీ, నీకీ పట్టీ ఇష్టమేనా?" జవాబు చెప్పడానికి ఆయన నోరు తెరిచాడు. దీపం వెలిగింది. "చాలా ఇష్టం వకుళా."

అడిగితే నోరు తెరుస్తాడు. తెరిస్తే అది పట్టీకి పోతుంది. వింటున్నప్పుడు మాత్రమే నోరు మూసుకుని ఉంటాడు.

జోసెఫిన్ గారిని అడిగాను, ఊఁ ఎలా బయటికొచ్చిందని. ఆవిడ వెంటనే చెప్పేసింది, పాఠం అప్పజెప్పినట్టు. "సమ్మతి శబ్దాల్ని ఏ యంత్రమూ పుట్టించకూడదు, ఆపకూడదండీ. ఊఁ గానీ, ఊఁహూఁ గానీ మనిషి నుంచే రావాలి. లేకపోతే యంత్రాలే మన బదులు ఒప్పుకుంటాయి కదా. అందుకని పట్టీ వాటిని ముట్టుకోదు…"

అక్కడ ఆగిపోయింది. తర్వాత నెమ్మదిగా, "అతికించే ముందు సార్‌ని ఒకసారి చివరిగా అడగాలండీ," అంది. "ఎలా అడగాలో రూల్లో లేదు."

8. ఉప్పు ఎక్కువే, ఎవరికైనా చెప్పాలి

అడిగితే లాభం లేదు, కథే చెప్పాలి. ఏమని చెప్పాలి? ఎటు తిప్పితే అటు ఊఁ అనిపించచ్చు. జవాబు ముందే లోపల పెట్టి అడిగిన ప్రశ్నకి విలువ లేదని నేను చదువుకున్నదే. ఆయనకి పట్టీ వద్దని నాకెలా తెలుసు? తలుపు తెరిచి మూసి, తెరిచి మూసి మురిసిపోయింది ఆయనే కదా. నాకు నా ఏమోయ్ కావాలి. ఆయనకి తలుపులు కావాలేమో. రెండు వైపులా చెప్పాలి, మంచీ చెడూ రెండూ. అప్పుడేమంటే అది.

నిజం చెప్పాలంటే, ఆయన ఊఁ అంటాడేమోనని భయంగా ఉంది.

9. ట్యాంకులు శుభ్రం చేశారు

కేంద్రానికి సుగుణ కూడా వచ్చింది, నా మీద కోపంగానే. పట్టీ అందర్నీ పలకరించింది, జోసెఫిన్ గారి ఆరోగ్యం అడిగింది. "చూడు ఎంత ముద్దుగా మాట్లాడుతున్నాడో," అంది సుగుణ, ఎవరి మొహమూ చూడకుండా.

నేను ఆయన ఎదురుగా కూర్చున్నాను. ప్రశ్నలేమీ అడగలేదు. మధ్యలో వచ్చే ఊఁలకి అడ్డురావద్దని జోసెఫిన్ గారు గోడకి ముందే చెప్పింది.

"అనగనగా ఒక పంపుల మేస్త్రీ ఉండేవాడు."

ఆయన మెడ దగ్గర దీపం వైపు చూశాను, వెలగలేదు.

"ఊఁ."

"అతనికి నోరెక్కువ."

"ఊఁ." సుగుణకి నవ్వొచ్చి దగ్గులోకి మార్చుకుంది.

"ఒకరోజు మాటలన్నీ పోయాయి. మంగళారం ఒక్కటే మిగిలింది."

"ఊఁ."

"మెడకి పట్టీ కట్టారు. తలుపులన్నీ తెరుచుకున్నాయి. ఎవరి సాయం లేకుండా స్నానం చేసి వచ్చాడు. హాయిగా ఉంది."

"ఊఁ." వెంటనే అన్నాడు. నేను భయపడింది ఇదే. అయినా ఆపలేదు.

"చెల్లెల్ని తిన్నావా అని అడిగాడు."

సుగుణ వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత చిన్నగా, "ఊఁ."

అది 'అడిగింది నేనే' అనా, 'వింటున్నాను, చెప్పు' అనా? నాకు తెలీదు. సుగుణ మాత్రం మొహానికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"పట్టీలోంచి వచ్చే మాటలన్నీ అతను అనాలనుకున్నవే."

"ఊఁహూఁ."

గోడ వెంటనే అందుకుంది: "నిరాకరణ నమోదైంది. దేనికో చెప్పండి." జోసెఫిన్ గారు ఆగమని గోడకి చెప్పి, కానివ్వమన్నట్టు నాకు సైగ చేసింది.

"ఇంకొన్నాళ్ళకి అలవాటైపోయింది. పట్టీని అతని మెడకి అతికించేశారు. సుఖంగా ఉన్నాడు."

"ఊఁహూఁ. ఊఁహూఁ." నోరు తెరవకుండానే, రెండోది మెడ బిగించి, ఒళ్ళంతా పెట్టి అన్నాడు.

అక్కడితో ఆపేయొచ్చు. ఆపాలనే అనిపించింది. కానీ రెండోవైపు చెప్పాలి కదా.

"కాదు, తీసేశారు. మళ్ళీ ఏ తలుపూ అతని మాట వినలేదు. ఒకరోజు అలలొచ్చి స్నానాలగదిలో ఉండిపోయాడు. ఎంత పిలిచినా తెరుచుకోలేదు."

ఆయన కళ్ళు మూసుకున్నాడు. గోడ కూడా ఎదురుచూస్తున్నట్టుంది.

"ఊఁ," అన్నాడు.

ఒప్పుకున్నట్టే ఉంది. వింటున్నట్టూ ఉంది. ఈ ఊరి లెక్కలో రెండూ ఒకటే. ఈసారికి నేను ఆ లెక్కతో గొడవపడలేదు.

ఆయన మొహం చూసి, ఓదార్పుగా ఇంకో వాక్యం కలిపాను. కథలో అది అక్కర్లేదు. నా కోసమే కలుపుకున్నానేమో. "అయినా ఫర్వాలేదు. అతనేమన్నా వాళ్ళావిడకి అర్థమైపోయేది."

"ఊఁహూఁ."

సుగుణ పకపకా నవ్వింది. నా మొహం మాడిపోయింది.

"సగం అర్థమయ్యేది."

ఏమీ అనలేదు.

"పావు వంతు."

"ఊఁ," అన్నాడు నరహరి.

జోసెఫిన్ గారు లేచి ఆయన వెనక్కి వెళ్ళి కొక్కెం తీసింది.

10. నీళ్ళు మామూలుగానే ఉన్నాయి

మంగళారం అనే మాటని తలుపులకి నేర్పమని గోడకి చెప్పాను. పరిశీలిస్తారట. అందాకా స్నానాలగదిలో ఒక గరిటె పెట్టాను, గొళ్ళెం మీద కొట్టడానికి. పక్కింటివాళ్ళకి వినపడితే వచ్చి తెరుస్తామన్నారు. నేను పనిలో ఉండగా అలలొస్తే ఎలాగన్నది ఇంకా తేలలేదు. ఉప్పు చూస్తున్నంతసేపూ చెవి ఇటే ఉంటోంది.

మధ్యాహ్నం సుగుణ వచ్చింది. నాతో మాట్లాడకుండా నేరుగా వెళ్ళి వాళ్ళన్నయ్య ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది.

"తిన్నావా అన్నయ్యా?"

"మంగళారం."

"అంటే ఏమిటి వదినా?"

"నాకు పావు వంతే తెలుసు, నువ్వూ విన్నావు కదా," అన్నాను. ఆవిడ నవ్వలేదు గానీ చీకటి పడేదాకా ఉంది.

ఆవిడ వెళ్ళాక కూర తరుగుతుంటే నరహరి వచ్చి గుమ్మానికి చేరబడ్డాడు. మొదలుపెట్టాడు. "మంగళారం. మంగళారం మంగళారం, మంగళారం…" ఎడంచెయ్యి గాల్లో తిప్పుతూ, ఒకచోట గొంతు తగ్గించి, ఒకచోట కసురుతూ, ఎవరినో వెక్కిరిస్తూ. చాలా పెద్ద సంగతి. పంపుల గురించో, కేంద్రం గురించో, నా గురించో. సాగదీసినవి, ఒత్తినవి అన్నీ పట్టుకోవాలని చూశాను. ఏదీ చిక్కలేదు.

మధ్యలో ఆగాడు. నా వైపు చూశాడు, ఎదురుచూస్తూ.

ఇన్నాళ్ళుగా బిగబట్టుకున్నది వదిలేశాను. "ఊఁ," అన్నాను.

"సమ్మతి నమోదైంది," అంది గోడ. "దేనికి సమ్మతించారో చెప్పండి."

గోడ మళ్ళీ అడిగింది. ఈలోగా ఆయన మళ్ళీ అందుకున్నాడు, ఇందాకటికన్నా జోరుగా. కత్తిపీట పక్కకి జరిపి, ఆయన వైపు తిరిగి కూర్చుని మళ్ళీ ఊఁ అన్నాను.